హాల్ జోర్డన్ పాపాలన్నీ ఒక పసుపు పురుగు మీదకి తోసేశారు, మీకు ఇది సబబుగానే ఉందా?

పాతకట్టల_రాజు
మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద 1994 నాటి గ్రీన్ లాంటర్న్ కామిక్ 48, 49, 50 ఇష్యూలు మూడూ ఒకే కట్టలో దొరికాయి. ఏం జరుగుతుందో ముందే తెలుసు, అయినా వరసగా కూర్చుని చదివితే మనసంతా పాడైపోయింది. హాల్ జోర్డన్ అంటే 1959 నుంచీ ఉన్న హీరో, అనుకున్నదల్లా తయారు చేసే ఉంగరం ఉన్న గ్రీన్ లాంటర్న్‌లనే అంతరిక్ష పోలీసుల్లో ఒకడు, భయం అంటే తెలియనివాడని పేరు. అతని ఊరు కోస్ట్ సిటీ డెబ్భై లక్షల మందితో సహా బూడిదైపోయింది. ఉంగరంతో ఆ ఊరిని, చనిపోయిన నాన్నని మళ్లీ తయారు చేసుకుని రెండు మాటలు మాట్లాడుకుంటుంటే ఛార్జ్ అయిపోయి అంతా మాయమవుతుంది. అప్పుడు ఆ లాంటర్న్‌ల దళాన్ని నడిపే పెద్దలు, గార్డియన్లు, ఓ ఓదార్పు మాటైనా చెప్పాలి కదా, అది లేదు, ఉంగరాన్ని సొంత పనికి వాడుకున్నావు, వచ్చి అప్పజెప్పు అంటారు! ఇక అక్కణ్ణుంచి గార్డియన్లుండే ఓవా గ్రహానికి పోతూ అడ్డొచ్చిన తోటి లాంటర్న్‌లని కొట్టి ఉంగరాలు లాక్కుంటాడు, పాత శత్రువు సినెస్ట్రో మెడ విరిచేస్తాడు, ప్రాణంగా చూసుకున్న తోటి లాంటర్న్ కిలోవాగ్‌ని కూడా చంపేస్తాడు.

పదేళ్లు గడిచాక, 2004లో మొదలైన రీబర్త్ అనే సిరీస్‌లో రైటర్ జెఫ్ జాన్స్ వచ్చి అదంతా చేసింది హాల్ కాదన్నాడు. ఉంగరాలన్నిటికీ శక్తినిచ్చే సెంట్రల్ బ్యాటరీలో ఎప్పుడో బంధించిన పారలాక్స్ అనే పసుపు పురుగు, భయానికే ప్రాణం వస్తే ఎలా ఉంటుందో అలాంటిది, హాల్‌లో దూరి చేయించిందట. అంటే దయ్యం పట్టింది, వదిలింది, పదండి ఇంటికి. నాకు రీబర్త్ ఇష్టమే, బొమ్మలు అదిరిపోయాయి. కానీ ఆ మూడు ఇష్యూలు చదివిన వేడిలో ఉన్నాను కదా, ఏదో మోసపోయినట్టుంది. మీరేమంటారు?

ఓవా_ఎక్స్‌ప్రెస్
మోసపోయింది 2004లో కాదు బ్రో, 1994లో. ముప్పై నాలుగేళ్లు కట్టుకుంటూ వచ్చిన మనిషిని మూడు ఇష్యూల్లో హంతకుణ్ణి చేస్తే దాన్ని పతనం అనరు, తోసేయడం అంటారు. ముందు వేరే రైటర్‌తో వేరే కథ అనుకున్నారు, అది పక్కనపడేసి, రాన్ మార్జ్‌ని కూర్చోబెట్టి 50వ ఇష్యూకల్లా పాతాయన వెళ్లిపోవాలి, కొత్త కుర్రాడు రావాలి అన్నారు. ఆ కొత్త కుర్రాడు కైల్ రేనర్‌కి కుర్చీ కావాలంటే హాల్‌ని లేపాలి, మర్యాదగా లేపితే గోల రాదు, అందుకని ఇలా. అలాంటప్పుడు దాన్ని సరిచేయడానికి పురుగు కాదు, పాము తెచ్చినా నాకు అభ్యంతరం లేదు.

ఇంకోటి, జాన్స్ ఊరికే పురుగుని ఊడిపడేయించలేదు. గ్రీన్ లాంటర్న్ ఉంగరం పసుపు రంగు మీద పనిచేయకపోవడం మొదట్నుంచీ ఉన్న చాదస్తం, బ్యాటరీలో ఏదో పసుపు దోషం ఉందని చెప్పి వదిలేశారు. ఆ దోషమే పారలాక్స్ అన్నాడాయన. ఆఖరికి హాల్ కణతల దగ్గర జుట్టు నెరవడం కూడా ఆ పురుగు ఖాతాలోనే రాశాడు. జుట్టు నెరవడం, బ్రో! వయసైపోయిందని అనుకుంటున్నాం అందరం.

పాతకట్టల_రాజు
😂 అద్దంలో చూసుకున్నాను, నాకూ పారలాక్సే అనుకుంటా.

సుజాత_కథలపెట్టె
రాజుగారూ, దయ్యం పట్టిందని చెప్పడంలోనే తప్పు లేదండీ, ఎలా పట్టింది, పట్టాక ఏమైంది అన్నదాంట్లో ఉంది. నలుడి కథ గుర్తు తెచ్చుకోండి. జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు, అడవిలో నిద్రపోతున్న దమయంతి చీరలో సగం కోసుకుని వదిలేసి పోయాడు. చేయించింది కలి. కానీ కలి ఊరికే దూరలేదు, పన్నెండేళ్లు కాచుకుని కూర్చున్నాడు, ఒకరోజు నలుడు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చితే ఆ సందులోంచి దూరాడు. తలుపు తీసింది నలుడే. ఇక వదిలించుకోవడం అంటారా, కర్కోటకుడు కాటేసి, రూపం పోయి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు తోలుతూ బతికాడు. లోపల విషంతో కలి మాడుతుంటే బయట ఈయన మాడాడు. అందుకే చివర్లో దమయంతి అతన్ని మళ్లీ దగ్గరికి తీసుకున్నా మనకి ఎబ్బెట్టుగా ఉండదు.

హాల్‌కి తలుపు ఉంది, కోస్ట్ సిటీ పోయిన దుఃఖం, భయం. ఆ మాట రీబర్త్ కూడా ఒప్పుకుంటుంది. బాహుకుడి రోజులు కూడా ఉన్నాయి, కాకపోతే అవి పాత రైటర్లు రాసి పెట్టినవి. 1996లో ఫైనల్ నైట్ అనే సిరీస్‌లో సూర్యుడు ఆరిపోతుంటే హాల్ తన ప్రాణమిచ్చి మళ్లీ వెలిగించాడు. ఆ తర్వాత 1999 నుంచి స్పెక్టర్‌గా, అంటే దేవుడి కోపం మోసే ఆత్మగా తిరిగాడు. అప్పుడు హాల్ తప్పు హాల్‌దే, తీర్చుకున్నదీ హాలే. రీబర్త్ వచ్చి తప్పు నీది కాదు అనేసరికి, మరి ఆ సూర్యుణ్ణి ఎందుకు వెలిగించినట్టు? లేని అప్పుకి వడ్డీ కట్టినట్టయింది పాపం. నా గొడవ అదొక్కటే.

ఓవా_ఎక్స్‌ప్రెస్
అక్కా, ఆ వడ్డీ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఫైనల్ నైట్ చదివి నేను నిజంగా ఏడ్చాను, ఇప్పుడు మళ్లీ చదవాలంటే భయం.

జీన్‌గ్రే_ఫ్యాన్_1980
హాల్ నయం అండీ, మా ఎక్స్‌మెన్ జీన్ గ్రేకి ఇంతకంటే పెద్ద పాపాలు కడిగే స్నానమే చేయించారు. 1980లో ఎక్స్‌మెన్ 135లో ఫీనిక్స్ అనే శక్తితో అదుపు తప్పిన జీన్, అంటే డార్క్ ఫీనిక్స్, ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది, దాని చుట్టూ తిరిగే గ్రహంలో ఐదు వందల కోట్ల ప్రాణాలు పోతాయి. ముందు అనుకున్న ముగింపులో జీన్ శక్తులు పోయి బతికే ఉంటుంది. ఎడిటర్ ఇన్ చీఫ్ జిమ్ షూటర్, ఇంతమందిని చంపి ఇంటికెళ్లిపోవడం కుదరదు అని అడ్డం తిరిగాడు, అందుకే 137లో ఆమె తనంతట తానే చావు తెచ్చుకుంది. ఆ చావు వల్లే ఆ కథ ఇప్పటికీ నిలబడింది.

1986కి వచ్చేసరికి, అసలు ఆమె జీనే కాదు, ఆమె రూపంలో ఉన్న ఫీనిక్స్ శక్తి, నిజం జీన్ జమైకా బే అడుగున ఒక గూడులో నిద్రపోతోంది అన్నారు. ఆ ఐడియా ముందు తట్టింది కర్ట్ బ్యూసిక్‌కి, ఇంకా అభిమానిగా ఉన్న రోజుల్లోనే, తర్వాత పెద్ద రైటర్ అయ్యాడు. తెలివైన ఐడియానే. కానీ నలుడికి సందైనా ఉంది, జీన్ ఆ ఇంట్లోనే లేదు.

ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్ సంగతి ఇంకా సుఖం. సివిల్ వార్ కథలో స్నేహితుల్నే నెగటివ్ జోన్ అనే వేరే లోకంలోని జైల్లో పెట్టాడు, తర్వాత బుర్ర రీబూట్ అయ్యేసరికి బ్యాకప్ అంతకు ముందుది కాబట్టి ఏదీ గుర్తులేదు. మా ఆఫీసులో ఎవరైనా ఇలా చెప్తే ఒప్పుకుంటారా?

చీమల_దండు
మరి తొలి యాంట్ మ్యాన్ హ్యాంక్ పిమ్ మాటేమిటి? 1981, అవెంజర్స్ 213, భార్య జానెట్‌ని ఒక్క దెబ్బ కొట్టాడు. స్క్రిప్ట్‌లో చెయ్యి విసురులో పొరపాటున తగిలినట్టే ఉందని, బొమ్మలో అది గట్టి దెబ్బ అయిపోయిందని ఆ కథ రాసిన షూటరే తర్వాత చెప్పుకున్నాడు. నలభై ఏళ్లు దాటింది, పిచ్చి అన్నారు, జబ్బు అన్నారు, ఎన్నిసార్లు లోకాన్ని కాపాడినా పిమ్ పేరు చెప్తే జనానికి ఆ దెబ్బే గుర్తొస్తుంది. ఐదు వందల కోట్ల మందిని మింగిన జీన్‌కి మాత్రం పెళ్లి కూడా చేశారు.

నాకు తోచింది చెప్తాను. నక్షత్రాన్ని మింగినవాళ్లని మనమెవరం చూడలేదు, చెంప మీద కొట్టిన మొగుణ్ణి ప్రతి వీధిలో చూశాం. అందుకే ఏ పురుగూ ఆ దెబ్బని కడగలేదు, కడగడానికి చూసినా జనం ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

సుజాత_కథలపెట్టె
ఇది నేను ఆలోచించలేదు. జానెట్ వైపు నుంచి ఆ ఇష్యూ మళ్లీ చదవాలి.

పాతకట్టల_రాజు
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి రీబర్త్ ఆరు ఇష్యూలూ మళ్లీ తిరగేశాను. సుజాతగారి మాట బుర్రలో ఉండి ఈసారి బ్యాట్‌మ్యాన్ మీదే కన్ను పడింది. అందరూ హాల్‌ని కౌగిలించుకుంటుంటే ఆయనొక్కడే నమ్మడు, నస పెడతాడు, చివరికి హాల్ ఒక్క గుద్దు గుద్దుతాడు. మొదటిసారి చదివినప్పుడు ఈల వేశాను. ఇప్పుడు మాత్రం బ్యాట్‌మ్యాన్ అడిగినదాంట్లో తప్పేముంది అనిపించింది. ఫైనల్ నైట్ సెట్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఆబిడ్స్‌లో రెండు వారాలుగా వెతుకుతున్నా దొరకలేదు.

ఓవా_ఎక్స్‌ప్రెస్
నా దగ్గరుంది. ఇస్తాను కానీ మడతలు పెట్టొద్దు.