45 దాటినవారికి ఐటీలో మళ్ళీ ఉద్యోగం దొరకకపోవడం వయసు వివక్షా, జీతం లెక్కా?

మియాపూర్ వాసి:

సభ్యులకు నమస్కారం. మా బావగారికి 47 ఏళ్ళు. 18 ఏళ్ళు పనిచేసిన సంస్థ ఏడు నెలల కిందట ఆయనను పిలిచి, రాజీనామా రాసిస్తే మూడు నెలల జీతం ఇస్తామని, లేకపోతే పనితీరు బాగాలేదని తామే తీసేస్తామని చెప్పింది. ఆయన రాజీనామా చేశారు. అప్పటి నుంచి 150 దాకా దరఖాస్తులు పెడితే మూడు చోట్ల నుంచి మాత్రమే పిలుపు వచ్చింది. రెజ్యూమెలో డిగ్రీ సంవత్సరం తీసేసి, 24 ఏళ్ళ అనుభవాన్ని 12 ఏళ్ళుగా చూపించమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. ఇది వయసును బట్టి చూపే వివక్షేనా, లేక మార్కెట్ తీరే అంతా? అనుభవాన్ని తగ్గించి చూపడం మీకు సమ్మతమేనా?

గచ్చిబౌలి మేనేజర్:

నేను పదేళ్ళుగా ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చుంటున్నాను కాబట్టి అటువైపు మాట చెబుతాను. మీ వయసెంత అని మేము ఎవరినీ అడగము. క్లయింట్లకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే సర్వీస్ కంపెనీల వ్యాపారం పిరమిడ్ మీద నడుస్తుంది: అడుగున ఏడాదికి మూడున్నర లక్షలతో చేరిన ఫ్రెషర్లు ఎక్కువగా, పైన 35, 40 లక్షలు తీసుకునేవారు తక్కువగా ఉంటేనే క్లయింటు ఇచ్చే రేటులో లాభం మిగులుతుంది. 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటానని ప్రకటించినప్పుడు కూడా, ఆ కోత ప్రధానంగా మధ్య, పై స్థాయులలోనే ఉంటుందని చెప్పింది. ఒక లీడ్ పోస్టుకు నా చేతికి వచ్చే బడ్జెట్ 18 లక్షలు. 38 లక్షలు తీసుకున్న మనిషి 18కి వస్తానంటే, మంచి ఆఫర్ రాగానే వెళ్ళిపోతారేమోనని నాకు భయం ఉంటుంది. నిష్ఠురమైనా మరొక సంగతి చెప్పాలి. పదిహేనేళ్ళుగా స్టేటస్ కాల్స్, ఎక్సెల్ షీట్లు తప్ప మరొకటి ముట్టుకోనివారు చాలామంది వస్తున్నారు. కోడ్ చూపించి ఇందులో తప్పు ఎక్కడుందో చెప్పమంటే, అవన్నీ మా టీమ్ చూసుకునేది అంటారు. వారిని కాదనడం వివక్ష కాదు.

నిజాంపేట, 49 ఏళ్ళు:

మేనేజర్ గారు చివర చెప్పినది నేను ఒప్పుకుంటాను. పని రానివారిని తీసుకోమని ఎవరూ అడగరు. కానీ పని వచ్చో రాదో తేలే దాకా మమ్మల్ని రానివ్వడం లేదన్నదే నా బాధ.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన మరుసటి ఏడాది నేను డిగ్రీ పూర్తి చేసి, అమీర్‌పేట మైత్రీవనం వెనుక సందులో మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద పాతతరం కంప్యూటర్ల) కోర్సులో చేరాను. వై2కే, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదవకుండా సరిచేసే పనులు పూర్తవుతున్న రోజులవి. ఆనాడు 22, 23 ఏళ్ళ వయసులో ఆ సందుల్లో తిరిగినవారందరం ఇప్పుడు 50కి అటూ ఇటూ ఉన్నాము. ఈ నగరానికి యాభై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇంత పెద్ద సంఖ్యలో ఉండటం ఇదే మొదటిసారి, మాతో ఏం చేయాలో ఇక్కడి సంస్థలు ఇంకా ఆలోచించలేదు. తెలంగాణ ప్రభుత్వం 2021లో తన ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. అదే ఊళ్ళో, అదే అపార్ట్‌మెంటులో ఉంటూ ప్రైవేటులో పనిచేసే మనిషికి 45 దాటితే తలుపులు మూసుకుపోతున్నాయి.

వయసు అడగము అన్నారు. పోయిన నెల నాకు వచ్చిన ఫోన్ ఎలా సాగిందో చెబుతాను. అవతల ఉన్నది పాతికేళ్ళ అమ్మాయి, మర్యాదగానే మాట్లాడింది. మొత్తం అనుభవం ఎంత, ప్రస్తుత సీటీసీ (ఏడాదికి కంపెనీ పెట్టే మొత్తం జీతం ఖర్చు) ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఉందా అని వరుసగా అడుగుతూ టైప్ చేసుకుంటోంది. కీబోర్డు చప్పుడు నాకు వినబడుతోంది. తరువాత, "డిగ్రీ పాసవుట్ ఇయర్ సర్?" అంది. 1999 అన్నాను. చప్పుడు ఆగిపోయింది. "ప్రొఫైల్ షేర్ చేస్తాను సర్" అని పెట్టేసింది. నాకు ఏమి వచ్చునన్న ప్రశ్న ఆ ఐదు నిమిషాల్లో ఒక్కటి కూడా రాలేదు. ప్రకటనలో 6 నుంచి 10 ఏళ్ళ అనుభవం అని రాస్తే అది 34 ఏళ్ళు దాటినవారు రావద్దని చెప్పడమే కదా.

ఇక జీతం లెక్క. నా ఉద్దేశంలో ముడి అంతా "ప్రస్తుత జీతం ఎంత" అన్న ప్రశ్నలోనే ఉంది. హైదరాబాదులో మూడు నెలల పేస్లిప్పులు చూపించనిదే ఆఫర్ లెటర్ రాదు. కొత్త జీతం పాత జీతం మీద ఇంత శాతం అనే నిర్ణయిస్తారు. అందువల్ల పోస్టుకు ఇవ్వదలచుకున్నది 18 లక్షలే అయినా ఆ సంగతి నాకు చెప్పరు, నా 38 లక్షల పాత జీతం మాత్రం ముందే రాబట్టి, దాన్ని చూసి పక్కన పెడతారు. 18కి ఒప్పుకుంటానని చెప్పే అవకాశం నాకు ఎక్కడా రాదు, వచ్చినా నమ్మరు. వెళ్ళిపోతానని మీ భయం. ఇంటి లోను కడుతూ, ఇంటర్ చదివే కూతురు, డయాలసిస్ మీద ఉన్న తండ్రి ఉన్న మనిషి ఎక్కడికి వెళ్తాడు, మేనేజర్ గారూ? ఏడాదికల్లా 40 శాతం హైక్‌తో మారేది 28 ఏళ్ళ కుర్రవాడు, అయినా ఆ కారణం చూపించి అతడిని ఎవరూ కాదనరు. వెళ్ళిపోతారన్న అనుమానం మా వయసు దగ్గరే పుడుతోందంటే దానికి వివక్ష అనే పేరు తప్ప మరొకటి నాకు తోచడం లేదు.

చట్టం మా పక్కన లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది; వివక్ష చూపకూడని కారణాలుగా అందులో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం ఉన్నాయి గాని వయసు లేదు. చివర చేరినవారిని ముందు తీయాలనే నియమం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. అయితే మేనేజర్ హోదా ఉన్నవారు ఆ రక్షణ కిందికి రారు, పైగా రాజీనామా రాసి ఇచ్చాక అది తొలగింపే కాదు. మియాపూర్ వారి బావగారి చేత సంతకం పెట్టించుకున్నది అందుకే. మన క్లయింట్లలో ఎక్కువమంది ఉన్న అమెరికాలో, 40 ఏళ్ళు నిండినవారిని వయసు చూసి తిరస్కరించరాదని 1967లోనే చట్టం చేశారు. 2018 నుంచి కాలిఫోర్నియాలో పాత జీతం ఎంతని అడగడమే నిషిద్ధం, పైగా అభ్యర్థి అడిగితే ఆ పోస్టుకు ఇచ్చే జీతం ఎంతో చెప్పి తీరాలి. మనకు ముందుగా కావలసింది ఈ కాలిఫోర్నియా నియమం లాంటిదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమీర్‌పేట హాస్టల్ నుంచి:

అంకుల్, మీ కష్టం నాకు అర్థమైంది. కానీ మా వైపు నుంచి కూడా చూడండి. నాకు 28 ఏళ్ళు. పదేళ్ళ కిందట మా అన్నయ్య చేరినప్పుడు ఇచ్చిన మూడున్నర లక్షలే నాకూ ఇచ్చారు. ఆరేళ్ళు పనిచేసి ఇప్పుడు లీడ్ పోస్టు కోసం చూస్తున్నాను. 24 ఏళ్ళ అనుభవం ఉన్నవారు అదే 18 లక్షలకు దిగి వస్తే మేము ఎక్కడికి పోవాలి?

నిజాంపేట, 49 ఏళ్ళు:

న్యాయమైన ప్రశ్న అడిగావమ్మా, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకే ఇంటర్వ్యూలో ఇద్దరం కూర్చుని, నువ్వు నాకంటే బాగా చేస్తే ఆ పోస్టు నీదే కావాలి, నేను ఏమీ అనను. అయితే నీకు మూడున్నర లక్షల దగ్గర జీతం ఆగిపోవడం, నన్ను బయటికి పంపడం రెండూ మేనేజర్ గారు చెప్పిన ఆ పిరమిడ్ నుంచి వచ్చినవే. జీతం ఎంతో ప్రకటనలోనే రాస్తే నీకూ మేలే. మూడున్నర మీద శాతాలు లెక్కగట్టి నిన్ను 18 లక్షల పోస్టులో 9 లక్షలకు కూర్చోబెట్టడం వారికి కుదరదు.

మియాపూర్ వారికి: డిగ్రీ సంవత్సరం రెజ్యూమెలో రాయకపోవడం తప్పు కాదు. గత పన్నెండేళ్ళ పని వివరంగా రాసి, అంతకు ముందుది రెండు వరుసల్లో ముగించినా తప్పు లేదు. కానీ 24ను 12 అని మాత్రం రాయవద్దని చెప్పండి. యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యుడి నంబరు) కింద పాత పీఎఫ్ ఖాతాలు ఉంటాయి, వెరిఫికేషన్‌లో బయటపడితే చేతికి వచ్చిన ఆఫర్ పోతుంది. 18 ఏళ్ళ గ్రాట్యుటీ చేతికి అందిందో లేదో కూడా అడగండి. పని మానిన 30 రోజుల్లో సంస్థ అది చెల్లించాలి. కంపెనీ ఇన్సూరెన్స్ పోయి ఉంటుంది కాబట్టి, సొంత పాలసీ ఇంకా తీసుకోకపోతే ఈ నెలలోనే తీసుకోమనండి. షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ (పాలసీ తీసుకున్నా ఆ జబ్బుకు డబ్బు రాని గడువు) మూడేళ్ళ దాకా ఉంటుంది, ఆలస్యమైన కొద్దీ ఆ మూడేళ్ళు ముందుకు జరుగుతాయి.

ఈ సోమవారం మరొక ఫోన్ వచ్చింది. ఈసారి వారు నా జీతం అడగక ముందే పోస్టుకు బడ్జెట్ ఎంతని నేనే అడిగాను. కాసేపు తటపటాయించి 20 లక్షలన్నారు. నాకు సమ్మతమేనని ఆ రోజే మెయిల్ పెట్టి, ప్యానెల్‌కు నా పాత జీతం చెప్పవద్దని కోరాను, సరేనన్నారు. గురువారం ఉదయం 11 గంటలకు రాయదుర్గంలో ఇంటర్వ్యూ, కోడింగ్ రౌండ్ కూడా ఉందట. ఏమైందో ఇక్కడే రాస్తాను.