లోతుగా ఊపిరి పీలిస్తే గాభరా తగ్గకపోగా వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, ఎందుకు?

మారతహళ్ళి తెలుగు: బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కున్నా, మీటింగులో నా వంతు వస్తున్నా గుండె దడదడలాడుతుంది. ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయి. అందరూ ‘గట్టిగా ఊపిరి తీసుకో’ అంటారు. తీసుకుంటే తల తేలిపోయి, వేళ్ళకీ పెదాల చుట్టూ తిమ్మిరి. బస్సులో నలుగురి మధ్య కూర్చునే చేయగలిగింది ఏమైనా ఉందా?

నెమ్మది శ్వాస: ఆ సలహాతోనే చిక్కండీ. గబగబా నిండుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. మెదడు రక్తనాళాలు సన్నబడి తల తేలిపోతుంది, రక్తంలో పనికొచ్చే కాల్షియం తగ్గి వేళ్ళు జివ్వుమంటాయి. ఆక్సిజన్ చాలక కాదు. గాలి అందట్లేదనుకుని ఇంకా పీలుస్తారు, ఇంకా ముదురుతుంది.

పని చేసేది ఊపిరి వదలడం. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి: పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు నెమ్మది. వదిలేటప్పుడు వేగస్ అనే నరం (మెదడు నుంచి గుండెకు వచ్చేది) గుండె వేగానికి కళ్ళెం వేస్తుంది. అందుకని నోరు మూసి, ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా మామూలుగా పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి 6 శ్వాసలు, 5 నిమిషాలు. భుజాలు లేస్తున్నాయంటే ఎక్కువ పీలుస్తున్నట్టే. గాభరా లేనప్పుడు రోజూ చేస్తేనే అవసరానికి అక్కరకొస్తుంది. కాగితం కవరులో ఊపిరి పీల్చడం మాత్రం వద్దు. అసలు సమస్య ఆస్తమానో గుండెదో అయితే ప్రమాదం.

జయనగర్ నాలుగో బ్లాక్: బస్సులో అయితే పాదాలు నేలకేసి 5 సెకన్లు గట్టిగా నొక్కి, ఒక్కసారిగా వదిలి 20 సెకన్లు ఆగండి. తర్వాత తొడలు, పిడికిళ్ళు. పక్కవాళ్ళకి తెలియదు. చూపు బయట పెట్టి, షాపుల బోర్డుల మీద కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదవండి. రక్తంలోకి వచ్చిన అడ్రినలిన్ నిమిషాల్లోనే తగ్గిపోతుంది. ‘పెరుగుతోందేమో’ అన్న భయమే దాన్ని మళ్ళీ విడుదల చేయిస్తుంది. దయచేసి మధ్యలో దిగిపోకండి. దిగితేనే ప్రాణం కుదుటపడిందని మెదడు నేర్చుకుంటే రేపు బస్సెక్కడమే కష్టమవుతుంది.

ఆఫీసులో అయితే నుదురూ కళ్ళ చుట్టూ చల్లటి నీళ్ళు చల్లుకోండి, గుండె వేగం తగ్గుతుంది. గుండె లయ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా చేయకూడదు.

ఫిల్టర్ కాఫీ: థైరాయిడ్ టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ చూపించుకున్నారా? ఆ రెండూ తేడాగా ఉన్నా ఇదే దడ. కాఫీ ఎన్నింటికి తాగుతున్నారో కూడా చూసుకోండి, కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. వారాల తరబడి ఇలాగే ఉంటే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య ఆసుపత్రి) ఓపీ ఉంది. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ఇవేవీ పెట్టుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మారతహళ్ళి తెలుగు: 6 దాకా వదలలేకపోతున్నానండి, 4కే గాలి అయిపోతోంది.

నెమ్మది శ్వాస: మొదట్లోనే బుస్సుమని వదిలేస్తున్నారు. ముక్కుకి బదులు పెదాలు సన్నగా చేసి, ఈల వేసినట్టు నోటితో వదలండి. అప్పటికీ కుదరకపోతే 2 పీల్చి 3 వదలండి. పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉంటే చాలు.