సమస్యాపూరణం: ‘సురయె యౌషధమ్ము సుజనులకును’

ఇచ్చినది ఆటవెలది నాలుగవ పాదం. జలుబు చేసినప్పుడు వేడిగా పుచ్చుకొనే రమ్ము పానీయం తయారీని గానీ, దాని గుణదోషాలను గానీ చెబుతూ పూరించవలసిందని ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు సభ్యులను కోరాను.

రాయగడ సభ్యుని పూరణ:

దాల్చిచెక్క వేసి తగ నీరు మరఁగించి
తేనె నిమ్మరసము దించి కలిపి
చిన్న గరిట రమ్ము చివరను జేర్చిన
సురయె యౌషధమ్ము సుజనులకును

సమీక్ష: తయారీ క్రమాన్ని ఇంత పొందికగా మూడు పాదాలలో ఇమిడ్చినందుకు అభినందనలు. ‘దించి’, ‘చివరను’ అన్న రెండు మాటలే ఈ పద్యానికి ప్రాణం. నీరు 100 డిగ్రీల వద్ద మరిగితే మద్యసారం సుమారు 78 డిగ్రీలకే మరుగుతుంది కనుక, పొయ్యి మీద ఉండగానే రమ్ము పోస్తే సారం ఆవిరైపోవడమే కాక ఆ ఆవిరికి మంట అంటుకొనే ప్రమాదం కూడా ఉంది. దించిన తరువాత పోస్తే కాగిన బెల్లం వంటి రమ్ము వాసన, దాల్చిచెక్క ఘాటు, నిమ్మ పులుపు ఒక్కసారిగా ముక్కుకు తగులుతాయి. అయితే ‘గరిట’ సరికాదు. వంటింటి గరిట ఎంతయినా పట్టవచ్చు. గ్లాసుడు వేడినీటికి 30 మిల్లీలీటర్ల రమ్ము చాలు. ‘చిన్న కొలత రమ్ము’ అంటే గణం చెడదు, భావం బిగుస్తుంది. రమ్ముకు బదులు ఇప్పసారా పోయవచ్చునా అని ఒక సభ్యుడు అడిగారు. నాటుసారా గాఢత ఒక్కో బట్టీకి ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఈ కొలత దానికి వర్తించదు.

కోరాపుట్ సభ్యుని పూరణ:

చలికి వణఁకువేళ జలుబెల్ల హరియించి
యొడలు వెచ్చఁజేయు నొక్క గుక్క
కొండ గాలి వీచు కోరాపుటందున
సురయె యౌషధమ్ము సుజనులకును

సమీక్ష: ధార బాగుంది, మూడవ పాదం మన నేలదే. కానీ ‘జలుబెల్ల హరియించి’ అన్నది నిజం కాదు. జలుబు వైరస్ వల్ల వచ్చేది. రమ్ము దానిని హరించదు. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పార్చడం వల్ల ఒళ్లు వెచ్చబడినట్లు తోస్తుందే తప్ప, లోపలి వేడి బయటికి పోతుంది. దేవమాలి పర్వతం చెంత, చలిగాలిలో నిలబడినవారికి ఇది మేలు చేయదు. ‘జలుబులో హాయిచ్చి’ అని దిద్దితే యతి నిలుస్తుంది, మాట కూడా నిజమవుతుంది. పారాసిటమాల్ గానీ, మత్తు కలిగించే జలుబు మాత్రలు గానీ వేసుకొన్నవారు ఆ హాయి కోసం కూడా దీనిని తాగకూడదు.

పర్లాకిమిడి సోదరి పూరణ:

అల్ల మమరఁ దులసియాకుతోఁ గాఁచిన
మిరియముల కషాయ మింట నుండ
పిల్ల లరయుచుండఁ బెద్దల కేలనో
సురయె యౌషధమ్ము సుజనులకును?

సమీక్ష: సమస్యలోని విరోధాన్ని కాకువుతో (పలికే స్వరాన్ని బట్టి అర్థం మారే తీరుతో), ఒక్క ప్రశ్నగా మార్చి పరిహరించిన నేర్పు నన్ను ఎంతో ఆకట్టుకొంది. వేడి పానీయం తాగితే ముక్కులో గాలి ఆడే తీరు మారకపోయినా తుమ్ములు, దగ్గు, గొంతునొప్పి తగ్గినట్లు రోగులు చెప్పారని 2008లో కార్డిఫ్ పరిశోధకులు ప్రకటించారు. వారు ఇచ్చినది మద్యం లేని పండ్ల పానీయమే. కాబట్టి రాయగడ పద్యంలోని హాయిలో ఎక్కువ పాలు వేడినీటికి, తేనెకు చెందుతుందని ఈమె వాదానికి బలం చేకూరుతోంది. మొదటి పాదంలో ‘అల్ల–యాకు’ల మధ్య ‘అ–యా’ యతి చెల్లుతుందా అన్న సందేహం అక్కరలేదు, చెల్లుతుంది. మొదటి స్థానం ఈ పూరణకే ఇస్తున్నాను.