ఏలినవారా, ఏలీనవారా?

పానగల్ తూము:
కతోలికులు మరియమ్మకు చెప్పుకునే మంగళవార్త జపంలో ఒక్క అక్షరం కాడ ఆగిపోయిన. పుస్తకంల "ఏలినవారు మీతో ఉన్నారు" అనే ఉంటది. అక్టోబరు నెల జపమాల రాగం తీసి చెప్పేటప్పుడు మాత్రం నల్లగొండ దిక్కు "ఏలీనవారూ" అని వినపడతది. ఆ లి సాగుడు రాగం కోసమేనా, లేకుంటే పాత పాఠంల వేరే మాట ఉండి అరిగిపోయిందా? "తోడై" అని వచ్చే ముక్క కూడా సగం సగం గుర్తున్నది. అదెక్కడిది?

మూసీ ఒడ్డు:
తోడై జపంలోది కాదు. లూకా 1:28, పాత తెలుగు బైబిలు: "ప్రభువు నీకు తోడైయున్నాడని". అక్కడ దేవదూత మరియమ్మను నీవు అంటాడు, ప్రభువుకు డుకారం పెడతాడు. మన జపంలో ఆమె మీరు, ఆయన వారు. రెండూ ఒకే చెవిలో పడితే కలిసిపోతాయి. ఇక లి హ్రస్వమే. ఏలు ధాతువు మీద ఇన చేరింది, అంతే.

దేవరకొండ గుట్ట:
అంతే అని తేల్చేస్తే ఎట్లా సారూ? ఏలిన అంటే భూతకాలం. "ఊరేలిన దొర" అంటే ఒకప్పుడు ఏలినోడు, ఇప్పుడు దిగిపోయినోడు. సర్వేశ్వరుణ్ణి "ఏలెడివారు" అనాలె గదా. ఆ ఎ పోయిన కాడనే లి సాగిందేమో అని నా అనుమానం.

మూసీ ఒడ్డు:
అనుమానం నిలబడదు. "తెలిసినవారు" అంటే నిన్న తెలిసి ఇవాళ మరిచినవారా? "పండిన పండు" మళ్లీ పచ్చిదవుతుందా? జరిగి నిలిచిన స్థితిని కూడా ఇన చెబుతుంది. పైగా ఏలడం ఒక్క రాజ్యానికే కాదు. "నన్నేలిన స్వామి" అంటే నన్ను తనదాన్ని చేసుకున్నవాడు. పెళ్లాన్ని ఏలుకోవడం అంటే ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం. దేవదూత పలుకు పక్కన ఈ అర్థం పెట్టి చూడండి, "ప్రభువు"లో ఇంత చనువు లేదు.

కోయిలకొండ:
చనువు ఏడిదన్నా, అది అర్జీల భాష. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలకు కాగితం రాస్తే "ఏలినవారి సముఖమునకు" అనే మొదలుపెట్టాలె. లాటిన్‌ల "డోమినుస్" కూడా ఇంటి యజమాని మాటే, "డోముస్" అంటే ఇల్లు. దొరకు దొర, సరిపోయింది. ఏలినాటి శనికి దీనికి ఏమన్న చుట్టరికం ఉన్నదా, ఎవలన్న చెప్పుండ్రి.

మూసీ ఒడ్డు:
లేదు. అది ఏడున్నర. అరవంలో ఏళరై. శనిని ఇక్కడికి పిలవకండి.

హార్మోనియం మెట్టు:
అందరూ వ్యాకరణంలో వెతుకుతున్నారు, జవాబు స్వరంలో ఉంది. గ్రెగోరియన్ అంటే పాత లాటిన్ గుడి పాట. అందులో కీర్తనలు పాడే బాణీల్లో ప్రతిదానికీ ఒక ఎత్తుగడ, అంటే ఎత్తుకునే ముక్క, ఉంటుంది. ఆ తరవాత పాఠమంతా ఒకే స్వరం మీద నడుస్తుంది, మధ్యలో ఒక విరుపు, చివర ముగింపు. మొదటి బాణీ ఎత్తుగడ ఫా, సోల్-లా, లా. అంటే మొదటి అక్షరానికి ఒక స్వరం, రెండో అక్షరానికి రెండు. రే ని షడ్జమం చేసుకుంటే గ, మప, ప. ఇప్పుడు మాట పెట్టండి: ఏ గాంధారం, లి మీద మప, న నుంచి పంచమం. లి రెండు స్వరాలు మోయాలి కాబట్టి లీ అయింది. ఎనిమిదో బాణీ అయితే సోల్, లా, దో. సోల్ ని షడ్జమం చేస్తే స, రి, మ. అక్షరానికి ఒక్కటే స్వరం, అందులో లి పొట్టిగానే ఉంటుంది.

సరిచేయడం కూడా కష్టం కాదు. మప ని కలిపి ఒక మాత్రలోనే జారవిడవాలి, ప మీద ఆగాలనే ఆశ న వచ్చేదాకా ఆపుకోవాలి. ఇంకా మేలైనది, ఎత్తుగడను మొదటిసారే పెట్టడం. కీర్తనల్లో అది మొదటి చరణానికే. ప్రతి చరణానికీ పెట్టేది మరియమ్మ గీతం లాంటి సువార్త గీతాలకు. ఐదు పదుల జపమాలలో మంగళవార్త 53 సార్లు వస్తుంది. 53 సార్లూ ఎత్తుగడ పెడితే లి సాగడం ఒక్కటే కాదు, నాలుగో పదికి శ్రుతి కూడా జారుతుంది.

కోయిలకొండ:
గుంపు పాడే రాగానికి రోమా లెక్క కడుతున్నవ్. అది ఆనందభైరవి పోకడ అక్కా.

హార్మోనియం మెట్టు:
ఆనందభైరవిని కొందరు 20వ మేళంలో (నఠభైరవి) పెడతారు, కొందరు 22లో (ఖరహరప్రియ). తగువు ధైవతం మీదే. నేను చెప్పిన మొదటి బాణీవి ఖరహరప్రియ మెట్లే అయినా, మధ్య విరుపులో "సి" కోమలం అవుతుంది, మన లెక్కలో శుద్ధ ధైవతం. హార్మోనియం మీద ఖరహరప్రియ అనుకుని చతుశ్రుతి నొక్కితే అక్కడే గుంపుకూ పెట్టెకూ తగాదా. కాబట్టి నీకు ఆనందభైరవిలా వినపడితే నేను చెప్పింది తప్పని కాదు తమ్మీ, రెండూ దగ్గరివి.

దేవరకొండ గుట్ట:
స్వరం వదిలి మాత్రలు లెక్కపెట్టుండ్రి. ఏలినవారు: గలలగల, ఏడు. మీతో ఉన్నారు: గగగగల, తొమ్మిది. కూడితే 16. చతురస్ర నడకల విరిస్తే ఏలిన (4), వారూ (4), మీతో (4), ఉన్నా (4), రూ. సాగాల్సింది రు. లి సాగితే మొదటి గణమే ఐదు మాత్రలై తాళం తప్పుతది. డోలక్ మీద మూడు దెబ్బల నడక పెడితే ఇంకా అన్యాయం: ఏలి, నవా, రుమీ. మాట ముక్కలైపోయింది. అందుకే జపమాలకు డోలక్ వద్దంట.

నల్లమల నీడ:
ఇంతమంది లి ని పొట్టిది చేయాలని చూస్తున్నారు. సాగనివ్వచ్చు గదా? "ఏలీన"లో లీనం వినపడటం లేదా? పోతన గజేంద్రుడు "జగ మెవ్వనిలోపలనుండు లీనమై" అన్నాడు. ధ్యానానికి వాడే మాటే అది. 1974లో ఆరవ పౌలు పోపు జపమాల గురించి రాసిన పత్రంలో ధ్యానం లేని జపమాల ప్రాణం లేని ఒళ్లు అన్నారు, నిమ్మళంగా, ఆగి ఆగి చెప్పాలన్నారు. స్పెయిన్ సన్యాసి కవి సిలువ యోహాను కవితలో "సద్దులేని సంగీతం" ఉండనే ఉంది. పాడే నోరు తనకు తెలియకుండానే శ్లేష చేసింది.

మూసీ ఒడ్డు:
శ్లేషకు రెండు అర్థాలూ కుదరాలండీ. "ఏ లీనవారు మీతో ఉన్నారు" అంటే ప్రశ్న అవుతుంది. దేవదూత మరియమ్మను హాజరు అడగడం లేదు.

హార్మోనియం మెట్టు:
ఆగాలన్నది నిజమే, ఆగాల్సిన చోటు లి కాదు. 2002లో రెండవ జాన్ పాల్ తన జపమాల పత్రంలో ఈ జపానికి ఇరుసు యేసు నామం అన్నారు, తొందరగా చెబితే అది మరుగున పడుతుందని కూడా. లాటిన్‌లో మొదటి సగం చిట్టచివరి మాట "యేసుస్". ఊపిరి తీసుకునే చోటే నామం, ఆగక తప్పదు. తెలుగులో "మీ గర్భఫలమైన యేసు ఆశీర్వదించబడినవారు". నామం వాక్యం నడిమిట్లో పడింది, తరవాత అచ్చు. ఉత్వసంధి ఊరుకుంటుందా? గబగబా చెబితే "యేసాశీర్వ" అవుతుంది. సు ఎగిరిపోతుంది. లి కి ఇచ్చిన ఆ ఒక్క మాత్ర తీసి సు తరవాత మౌనంగా పెట్టండి.

పానగల్ తూము:
ఇది మంచిగ చెప్పిన్రు అక్కా. కానీ నా లి?

మూసీ ఒడ్డు:
లి కన్నా "ఉన్నారు" పెద్ద చిక్కు. గ్రీకులో ఆ చోట క్రియ లేదు, లాటిన్ "డోమినుస్ తేకుమ్"లోనూ లేదు. ఉన్నారా, ఉందురు గాకా అన్నది వినేవాడికే వదిలారు. తెలుగు తేల్చేసింది. అదే లాటిన్ పొందిక పూజలో గురువు నోట వస్తే "గాక" అని దీవెన చేస్తాం.

నల్లమల నీడ:
పోతన అయితే "కలరు" అనేవాడు. "కలఁడు గలండనెడివాఁడు గలఁడో లేఁడో". ఉండటం వేరు, కలగడం వేరు. ఈ ఒక్క పాదంలో ఉన్నంత చీకటి రాత్రి సిలువ యోహానుకే తెలుసు. మన బమ్మెర కవి మరి.

కోయిలకొండ:
బమ్మెర అన్నవు గద, ఇగ పోతన మావోడే అనుకుంట ఒంటిమిట్టోళ్లు వస్తరు చూడు.

దేవరకొండ గుట్ట:
రానీయి. అదే పద్యంల "పరమయోగి గణములపాలం" అని ఉంటది. ఈ పాలు ఏంది? పక్కన అనా, వంతు అనా?

నల్లమల నీడ:
పక్కన. "దీనుల యెడ" అన్నట్టే.

దేవరకొండ గుట్ట:
వంతే. "నా పాలికి వచ్చింది" అంటం గద. పాలోళ్లు అంటే పంచుకునేటోళ్లు. యోగులు దేవుణ్ణి వంతుకు తెచ్చుకున్నరు. పొల్లు న కు బదులు సున్న ఎందుకొచ్చిందో అది కూడా చెప్పుండ్రి.

మూసీ ఒడ్డు:
ద్రుతం తరవాత సరళాదేశం. తరవాతి పాదం "గలఁడు"తో మొదలైంది చూడండి, క గ అయింది. వంతు అంటే ఒప్పుకోను.

పానగల్ తూము:
లి?