ఞాట్టువేలలో ఉన్నది నారా, సూర్యుడా?

పోస్టు:
ఉద్యోగరీత్యా కేరళలోని పాలక్కాడులో ఉంటున్నాను. జూన్ నెలాఖరులో ఒక పొద్దున మా ఇంటి ఓనరు అమ్మమ్మ పనస చెట్టు మొదట్లో, ఉత్తరం పక్కన చిన్న గుంటలో మిరియపు తీగ ముక్కలు పాతుతోంది. మూడేసి కణుపుల ముక్కలు. రెండు కణుపులు మట్టిలోకి, ఒకటి పైకి. పైన జల్లు పడుతూనే ఉంది, నెత్తిన తువ్వాలు తప్ప గొడుగు లేదు. ఇంత వానలో ఎందుకమ్మా అంటే "తిరువాదిర ఞాట్టువేలయల్లే!" అంది. తిరువాదిర ఞాట్టువేల కదా అని. ఈ రోజుల్లో వేలు నరికి పాతినా మొలుస్తుందట.

తిరువాదిర తేలిగ్గానే అర్థమైంది. మన ఆరుద్ర నక్షత్రమే. సంస్కృతం 'ఆర్ద్ర' అక్కడ 'ఆదిర' అయి ముందు 'తిరు' తగిలించుకుంది. ఎటొచ్చీ ఆ 'ఞాట్టువేల' దగ్గరే ఆగిపోయాను. వరి నారుని మలయాళంలో 'ఞారు' అంటారు, మన నారే అది. కాబట్టి ఞారు + వేళ, నాట్లేసే వేళ అని నేననుకుంటున్నాను. సరేనా?

వ్యాఖ్య:
కాదండీ. అందులో ఉన్నది ఞాయరు, అంటే సూర్యుడు. తమిళంలో ఞాయిఱు, కన్నడంలో నేసరు. మలయాళీల ఆదివారం ఞాయరాళ్చ. 'ఞాయట్టువేల' నలిగి 'ఞాట్టువేల' అయింది.

పోస్టు చేసినవారు:
మాస్టారూ, మరి నారుమడిని 'ఞాట్టడి' అంటారు, నాట్ల పాటని 'ఞాట్టుపాట్టు' అంటారు. నారు కూడా సమాసంలో 'ఞాట్టు' అవుతోందిగా?

జవాబు:
అవుతుంది, మీరు పట్టుకున్నది మంచి పాయింటే. చివర 'ఱు' ఉన్న మాటకి వెనకాల ఇంకో మాట చేరితే అక్కడ 'ట్టు' వస్తుంది. మనకి ఏరు – ఏటి గట్టు, నోరు – నోటి మాట ఎలాగో అలాగే. కాబట్టి వ్యాకరణం మీ వైపూ ఉంది, నా వైపూ ఉంది. తేల్చాల్సింది లెక్క.

ఞాట్టువేలలు 27. అశ్వతి (మన అశ్విని) నుంచి రేవతి దాకా నక్షత్రానికొకటి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉన్నన్ని రోజులు దాని ఞాట్టువేల. మేడం నెల 1న, అంటే మలయాళీల విషు పండగ నాడు, ఏప్రిల్ మధ్యలో అశ్వతి మొదలు. (మలయాళీల కొల్లం శకంలో సంవత్సరం మారేది ఆగస్టు మధ్యలో, చింగం 1న. క్రీ.శ. 825 నుంచి ఆ లెక్క నడుస్తోంది. కానీ విత్తనం పట్టుకున్నవాడికి ఏడాది విషుతోనే మొదలవుతుంది, మేడం 10ని 'పత్తాముదయం' అని విత్తులకి మంచిరోజుగా చూస్తారు.) ఇప్పుడు చివరిదాన్ని తీసుకోండి: మీనం నెలలో రేవతి ఞాట్టువేల. అప్పుడు కేరళ వరి సీమ కుట్టనాడులో పుంజ అనే వరి పంట కోతలు నడుస్తుంటాయి, నారు ఊసే ఉండదు. అయినా దాని పేరూ ఞాట్టువేలే. నాట్లు లేని రోజులకి కూడా ఆ పేరే ఉందంటే అందులో ఉన్నది నారు కాదు, సూర్యుడే.

వ్యాఖ్య:
అయితే మన కార్తె అన్నమాట! మా వంటింటి క్యాలెండర్లో గళ్ళ మూల చిన్న అక్షరాల్లో 'ఆరుద్ర కార్తె' అని ఉంటుంది, అదే కదా?

జవాబు:
అచ్చంగా అదే. కన్నడిగులు ఇంకో మెట్టు ముందుకెళ్ళి ఏకంగా 'మళె' అంటారు, వాన అని. ఒకే పదమూడు చిల్లర రోజుల్ని ఒకరు సూర్యుడి పేరుతో, ఒకరు వాన పేరుతో పిలిచారు. నాకైతే కన్నడిగుల పేరే ముచ్చటగా ఉంటుంది.

వ్యాఖ్య:
ఒక సందేహం. వేళ అయితే 'ళ' ఉండాలి కదా. మలయాళంలో వేల అంటే పని. సూర్యుడి పని అని చెప్పుకోవాలా?

జవాబు:
సంస్కృతంలోనే అది 'వేలా'. మనం దాన్ని వేళ చేసుకున్నాం, ఈ సమాసంలో వాళ్ళు 'ల'నే ఉంచుకున్నారు. పని అన్న వేల వేరే మాట.

వ్యాఖ్య:
తిరువాదిర అంటే ధనుర్మాసంలో ఆడవాళ్ళు దీపం చుట్టూ ఆడే పండగ కదా, జూన్‌లో ఎలా వస్తుంది?

జవాబు:
పండక్కి చూసేది చంద్రుణ్ణి, ఞాట్టువేలకి సూర్యుణ్ణి. జూన్ చివర సూర్యుడు ఆరుద్రలో ఉంటాడు. ఆరు నెలలకి సూర్యుడు ఆకాశంలో దానికి ఎదురు వైపు చేరతాడు, అప్పుడు ఆరుద్ర దగ్గర నిండు చంద్రుడుంటాడు. అందుకే రెండింటికీ దాదాపు అర్ధ సంవత్సరం ఎడం. తమాషా ఏమిటంటే ఆరుద్ర కార్తెలో ఆరుద్ర నక్షత్రం కనబడదు, సూర్యుడి వెలుగులో మునిగిపోయి ఉంటుంది. రాత్రంతా చూడాలంటే ధనుర్మాసంలోనే.

పోస్టు చేసినవారు:
సరే, ఓడిపోయాను, నారు వెనక్కి తీసుకుంటున్నా. కానీ అమ్మమ్మ మిగతావన్నీ పదమూడున్నర రోజులు, తిరువాదిర ఒక్కటే పదిహేను అంటోంది. సూర్యుడు అక్కడ విడిది చేస్తాడా?

జవాబు:
పదిహేను కొంచెం ఎక్కువ చెప్పడమే గానీ, ఉత్తి మాట కాదు. 365¼ రోజుల్ని 27తో భాగిస్తే పదమూడున్నర వస్తుంది. కాకపోతే జూలై మొదట్లో భూమి సూర్యుడికి బాగా దూరంగా ఉంటుంది కాబట్టి సూర్యుడి నడక నెమ్మదిగా కనిపిస్తుంది. తిరువాదిర 14 రోజులు పడుతుంది, జనవరిలోవి 13కే అయిపోతాయి. కేరళ పంచాంగంలో మిథునం 32 రోజుల దాకా సాగడం, ధనువు 29కే ముగియడం కూడా ఇందుకే.

వ్యాఖ్య:
మా నిజామాబాద్ దిక్కు మృగశిర కార్తెను మిర్గం అంటరు, ఆ రోజు చేపలు తినాలె. రోహిణిల రోళ్ళు పగులుతయి. కేరళల గూడ గంతేనా అన్నా?

జవాబు:
అక్కడే తేడా తమ్ముడూ. తారీకులు ఒకటే, మే 25 నుంచి జూన్ 7 దాకా రోహిణి. మనకి రోళ్ళు పగిలే ఎండ. వాళ్ళకి ఆ నడుమనే ఇడవప్పాది, ఇడవం నెల సగానికి కాలవర్షం దిగే రోజులు. మిర్గం వచ్చేసరికి మనకి తొలకరి, ముసలెద్దు కూడా రంకె వేస్తుంది. వాళ్ళకేమో మకయిరం (మృగశిరే) వాన 'మది మఱన్ను' కురుస్తుంది, ఒళ్ళు మరిచి. తర్వాత తిరువాదిర వాన 'తిరి మురియాదె', వత్తి తెగకుండా.

పోస్టు చేసినవారు:
వత్తి తెగకుండా అంటే?

జవాబు:
తిరి అంటే దీపం వత్తి, పేనిన పోగు. పోగు తెగనట్టు వాన అని. మిరియపు కంకినీ తిరే అంటారు. వాన చుక్కలు కంకి మీంచి జారుతూ పుప్పొడిని కింది పూలకి చేరుస్తాయి, అందుకే సన్నగా, విడవకుండా కురిసే వాన మిరియానికి కావాలి. విదేశీయులు మిరియపు తీగలు పట్టుకుపోతున్నారని గోల పెడితే, కోళికోడు రాజు సామూతిరి దగ్గరి మంత్రి "తీగలే కదా, మన తిరువాదిర ఞాట్టువేలని పట్టుకుపోలేరు" అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు.

పోస్టు చేసినవారు (మూడు వారాల తర్వాత):
అమ్మమ్మ పాతిన ఆరు ముక్కల్లో నాలుగు చిగురేశాయి, రెండు కుళ్ళిపోయాయి. వేలు పాతినా మొలుస్తుందన్నావుగా అని అడిగాను. గుంటలో నీళ్ళు నిలిచాయి, ఞాట్టువేలదేం తప్పు లేదు అంది. ఆ గుంట తీసింది నేనే.