ముక్కు సర్జరీకి ఇద్దరు డాక్టర్లను కలిశాను, ఎవరి దగ్గర చేయించుకోవాలో తేలడం లేదు

వంకరముక్కు31:

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టే, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. నాకు 31 ఏళ్ళు. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి ముక్కు విరిగింది, వాపు తగ్గింది కదా అని ఇంట్లో వదిలేశారు. ఇప్పుడు పక్క నుంచి చూస్తే ముక్కు మీద గూని ఉన్నట్టు కనిపిస్తుంది, కుడి వైపు నెలలో సగం రోజులు మూసుకుపోయే ఉంటుంది. ఎవరైనా ఫోటో తీస్తున్నారంటే మొహం తిప్పేసుకోవడం పదేళ్ళుగా అలవాటైపోయింది. ఈ ఏడాది ఏదో ఒకటి తేల్చేద్దామనుకుని ఇద్దరిని కలిశా.

మొదటాయనకు సోషల్ మీడియాలో చాలా పేరు. నేను కూర్చున్న ఐదు నిమిషాలకే ఫోటో తీసి కంప్యూటర్లో కొత్త ముక్కు పెట్టి చూపించారు. అబద్ధమెందుకు, అది చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత పక్క గదిలో ఒకమ్మాయి కూర్చోబెట్టి, నెలాఖరులోపు అడ్వాన్సు కడితే తగ్గింపు ఉందని, పనిలో పనిగా గడ్డం కూడా కాస్త ముందుకు తెస్తే మొహం బ్యాలెన్స్ అవుతుందని చెప్పింది. గడ్డం గురించి నేను అడగనే లేదు. అప్పట్నుంచి అద్దం చూస్తే ముందు గడ్డమే కనిపిస్తోంది.

రెండో ఆయన దగ్గర బొమ్మలేం లేవు. ముక్కులోకి లైటు వేసి చూశారు, బుగ్గను పక్కకి లాగి పట్టుకుని ఇప్పుడు గాలి పీల్చండి అన్నారు, ముక్కు కొనను వేలితో నొక్కి వదిలారు. దూలం వంకర ఉంది, పై షేపు ఒక్కటే మారిస్తే గాలి ఇంకా తగ్గొచ్చు, రెండూ కలిపి చేయాలి, మీ చర్మం మందం కాబట్టి మీరనుకున్నంత సన్నటి కొన రాదు అని మొహం మీదే చెప్పేశారు. నీరసంగా బయటికొచ్చా.

బుర్ర రెండో ఆయన అంటోంది, మనసు మాత్రం ఆ కంప్యూటర్ బొమ్మ దగ్గరే ఆగిపోయింది. మీరైతే ఏం చూసి ఎంచుకుంటారు, ఏం అడుగుతారు?

రెండుసార్లు_కోయించుకున్నా:

ఆ గడ్డం మాట దగ్గరే లేచి వచ్చేయాల్సింది మీరు.

నాదీ ఇంచుమించు మీ మొదటి డాక్టరు కథే, కాకపోతే నేను ఆ రోజే అడ్వాన్సు కట్టేశా. మొదట్లో ఏ తేడా కనిపించినా వాపే అన్నారు, అదీ నిజమే, ముక్కు కొన దగ్గర వాపు పూర్తిగా దిగడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కానీ నాకు వాపు దిగేకొద్దీ ముక్కు మధ్యలో రెండు వైపులా ఎవరో వేళ్ళతో నొక్కిపెట్టినట్టు లోపలికి పోయింది. గట్టిగా ఊపిరి తీస్తే పక్క గోడ అతుక్కుపోయేది. రాత్రి పడుకుంటే సన్నగా ఈల. మా పాప "అమ్మా, నీ ముక్కు పాట పాడుతోంది" అనేది, నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆ క్లినిక్‌కి ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, డాక్టర్ గారు ఊళ్ళో లేరనే సమాధానం. వేరే సర్జన్‌ని వెతుక్కుంటే ఆయన వెంటనే చేయనన్నారు, మచ్చ లోపల మెత్తబడాలి, కనీసం ఏడాది ఆగమన్నారు. మొదటిసారే కార్టిలేజ్ (ముక్కుని నిలబెట్టే మెత్తటి ఎముక) ఎక్కువ తీసేశారట, మళ్ళీ నిలబెట్టడానికి ముక్కులో సరుకు మిగల్లేదు, చెవి నుంచి తీసి పెట్టారు. ఇప్పుడు గాలి బాగానే ఆడుతోంది. షేపు... పర్లేదు.

అందుకే నేనైతే ముందు అడిగేది ఇదే: మీరు చేసినవాటిలో ఎన్ని మళ్ళీ చేయాల్సి వచ్చాయి, నాకూ అలా అయితే చేసేది ఎవరు, ఖర్చు ఎవరిది, అది కాగితం మీద ఇస్తారా? ముక్కు సర్జరీల్లో నూటికి 5 నుంచి 15 దాకా రెండోసారి చేయాల్సి వస్తుందని సాధారణంగా చెప్తారు. నా దగ్గర అసలు అలాంటివి రావండీ అన్నాడంటే ఆయన చేసినవే తక్కువై ఉండాలి, లేదా చేసినవాళ్ళు తర్వాత ఏమయ్యారో ఆయనకు తెలియకపోయి ఉండాలి.

థియేటర్_సిస్టర్:

డాక్టర్ని కాదు, పదహారేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో నర్సుని, ఆ లెక్కలోనే చదవండి.

బోర్డు మీద కాస్మెటిక్ సర్జన్ అని ఉంటే అది ఏ చదువో చెప్పదు. చాలా దేశాల్లో ఆ పేరు ఎవరు పెట్టుకోవాలన్న కట్టడి గట్టిగా లేదు. ఆస్ట్రేలియాలో అయితే గుర్తింపు ఉన్న సర్జరీ శిక్షణ లేని డాక్టర్లు కూడా సర్జన్ అని రాసుకుంటుంటే, 2023లో చట్టం మార్చి దాన్ని ఆపాల్సి వచ్చింది. కాబట్టి ప్లాస్టిక్ సర్జరీయా, ఈఎన్టీయా, ఎన్నేళ్ళ శిక్షణ, మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్లో ఆ స్పెషాలిటీ ఉందా, ఇవి మీరే చూసుకోండి. ఈఎన్టీ నుంచి వచ్చినవాళ్ళలో కూడా ముక్కు అద్భుతంగా చేసేవాళ్ళున్నారు, ఏ శాఖ అన్నదానికంటే నెలకి ఎన్ని ముక్కులు చేస్తారన్నది ముఖ్యం. పొట్ట కొవ్వు, జుట్టు, ముక్కు, అన్నీ నేనే అనేవాళ్ళంటే నాకు భయం.

రెండోది, కత్తి ఎవరు పట్టుకుంటారు? వినడానికి వెర్రి ప్రశ్నలా ఉంటుంది గానీ, మత్తులో ఉన్న మనిషికి ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది చెప్పండి. దక్షిణ కొరియాలో ఒక డాక్టర్ని చూపించి లోపల ఇంకొకరితో చేయించడం ఎంత గొడవైందంటే, పేషెంటుకి పూర్తి మత్తిచ్చి చేసే ఆపరేషన్ల గదుల్లో కెమెరా ఉండాలని చట్టమే తెచ్చారు, 2023 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి నుంచి చివరి కుట్టు దాకా మీరే చేస్తారా అని అడగండి, ఒప్పంద పత్రంలో ఆయన పేరు రాయించుకోండి.

మూడోది, మత్తు ఇచ్చేది ఎవరు? ప్రత్యేకంగా మత్తు డాక్టరు మొదట్నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి. క్లినిక్‌లో చేస్తే ఏదైనా తేడా వచ్చినప్పుడు తీసుకెళ్ళడానికి ఏ ఆసుపత్రితో ఏర్పాటు ఉందో, ఇదే ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో చేయడానికి ఈ డాక్టరుకు అనుమతి ఉందో లేదో కనుక్కోండి.

అన్నట్టు, మీరు సిగరెట్ తాగుతారా, ఏ మాత్రలు వాడుతున్నారు అని ఇద్దరిలో ఎవరైనా అడిగారా? నికోటిన్‌తో సన్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి, మొహం మీద కోసిన చర్మం సరిగ్గా మానదు, ఒక్కోసారి నల్లబడి చచ్చిపోతుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్‌లతో రక్తం ఎక్కువ పోతుంది. అడగలేదంటే మిమ్మల్ని చూసింది పేషెంటుగా కాదు.

ఎందుకొచ్చిన_గోల:

పుట్టుకతో వచ్చిన మొహం అందరికీ బాగానే ఉంటుందండీ, లేనిపోని టెన్షన్ పెట్టుకుంటున్నారు. నన్నడిగితే మానేయండి.

వంకరముక్కు31:

@ఎందుకొచ్చిన_గోల పుట్టుకతో వచ్చింది కాదండీ, సైకిల్‌తో వచ్చింది.

@థియేటర్_సిస్టర్ సిగరెట్ సంగతి... తర్వాత చెప్తాను అక్కా. మొదటాయన రిజల్ట్ ఫోటోలు మాత్రం చాలా బాగున్నాయి, వందల్లో ఉన్నాయి. అవి కూడా నమ్మకూడదా?

లెన్స్_మూత:

ఫోటోల మాట వచ్చింది కాబట్టి నోరు విప్పుతున్నా, నా తిండి అదే.

ఆపరేషన్‌కి ముందు తీసిన ఫోటోలో లైటు పైనుంచి గానీ పక్క నుంచి గానీ పడుతుంది, గూని కింద నీడ పడి ఇంకా పెద్దగా కనిపిస్తుంది. తర్వాతి ఫోటోలో మెత్తటి లైటు ఎదురుగా పెడతారు, నీడ మాయం, సగం గూని దానితోనే పోతుంది. ఆపైన మేకప్, చిరునవ్వు. పక్క నుంచి తీసిన ఫోటోల్లో ముక్కుని చూడకండి, చెవిని చూడండి. ముందు ఫోటోలో చెవి రంధ్రం, కంటి కింది అంచు ఒకే గీత మీద ఉండి, తర్వాతి దాంట్లో కన్ను ఆ గీత పైకి వెళ్ళిపోయిందంటే తల ఎత్తించారన్నమాట. తల ఎత్తితే ముక్కు కొన లేచినట్టు కనిపిస్తుంది, దానికి కత్తి అక్కర్లేదు.

ఎదురుగా, రెండు పక్కలా, ముప్పావు కోణంలో, కింద నుంచి రంధ్రాలు కనిపించేలా, ఇవన్నీ ఉండాలి. ఫోటో ఎన్నో వారంలో తీశారో అడగండి, కట్టు విప్పిన రోజు ఏడుస్తూ నవ్వే వీడియోలు దేనికీ పనికిరావు. ఏడాది తర్వాతవి చూపించమనండి, అందులోనూ మీలాంటి మందపాటి చర్మం, మీలాంటి వంకర ఉన్నవాళ్ళవి. వందల్లో నాలుగు అలాంటివి లేకపోతే ఆ వంద మీకెందుకు?

ఇంకోటి, సెల్ఫీ చూసి ముక్కుని తిట్టుకోకండి. అడుగు దూరం నుంచి తీస్తే, ఐదడుగుల నుంచి తీసినదానికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టి చూపించారు. డాక్టరు దగ్గరికి సెల్ఫీ పట్టుకెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కనురెప్ప_కొడుకు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అమ్మకి పై కనురెప్పలు వాలిపోయి చదవడానికే ఇబ్బందిగా ఉంది. ముక్కు, మొహం చేసే ఆయనే ఇదీ చేస్తానంటున్నారు. వెళ్ళొచ్చా?

థియేటర్_సిస్టర్:

ఆయన రెప్పలు తరచూ చేస్తారేమో కనుక్కో తమ్ముడూ. కంటి డాక్టర్లలోనే రెప్పల ప్లాస్టిక్ సర్జరీ ప్రత్యేకంగా నేర్చుకున్నవాళ్ళుంటారు, ఒకసారి వాళ్ళకీ చూపించు. రెప్ప వాలడానికి వదులైన చర్మం కారణమా, రెప్పను ఎత్తే కండరం కారణమా అన్నది ముందు తేలాలి, ఆపరేషన్లు వేరువేరు. కన్ను పొడిబారుతోందా అని పరీక్ష చేయకుండా చర్మం కోసేస్తే తర్వాత రెప్ప సరిగ్గా మూతపడక అవస్థ. చాలా అరుదు గానీ కంటి వెనక రక్తం గడ్డకడితే చూపే పోవచ్చు, గంటల్లో తేల్చాల్సిన పని. అర్ధరాత్రి నొప్పి, చూపు మసక అంటే ఫోన్ ఎత్తేది ఎవరో ముందే నంబరు తీసుకో, ఒకసారి రాత్రిపూట చేసి చూడు కూడా.

వంకరముక్కు31:

పన్నెండు రోజుల తర్వాత వచ్చా, అందరికీ థాంక్స్.

మొదటి క్లినిక్‌కి ఫోన్ చేసి ఆపరేషన్ మొత్తం డాక్టర్ గారే చేస్తారా అని అడిగా. "మా టీమ్ చూసుకుంటుంది మేడమ్" అంది. టీమ్‌లో ఎవరు అంటే లైన్లో ఉండమంది, ఉన్నా, కట్ అయింది. తర్వాత తగ్గింపు గడువు పెంచామని మాత్రం రెండు మెసేజ్‌లు వచ్చాయి.

రెండో ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళా, ఈసారి కాగితం మీద ప్రశ్నలు రాసుకుని. విసుక్కోలేదు. నాలాంటి చర్మం ఉన్న ముగ్గురి ఏడాది ఫోటోలు చూపించారు, అందులో ఒకటి నాకు అస్సలు నచ్చలేదు, అదే చెప్పా. నాకూ నచ్చలేదు, కొన ఒక పక్కకి తిరిగింది, మళ్ళీ చేశాను అని రెండోసారి చేశాక తీసిన ఫోటో చూపించారు. రివిజన్ (మళ్ళీ చేయాల్సి వస్తే) సంగతి, మత్తు డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు రాసిచ్చారు. లెన్స్ గారూ, చెవులు చూశా, గీత మీదే ఉన్నాయి.

ఆ కంప్యూటర్ ముక్కు ఇంకా గుర్తొస్తోంది, అది వేరే సంగతి.

తారీఖు ఇంకా ఇవ్వలేదు. సిస్టర్ అక్కా, మీరడిగినదానికి జవాబు: రోజుకి నాలుగు తాగుతాను, ఇంట్లో తెలీదు, ఇద్దరిలో అడిగింది ఈయనొక్కరే. కనీసం నాలుగు వారాలు పూర్తిగా మానేశాక వచ్చి తారీఖు అడగండి అన్నారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు.