పాత చెయిన్ డోజర్ కొనేముందు ఏ భాగాలను ఎలా పరీక్షించాలి?

ప్రశ్న

క్యాటర్‌పిల్లర్ డీ4 డోజర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. సీరియల్ నంబరు 7యూతో మొదలవుతోంది, అంటే 1947కూ 1959కీ మధ్య తయారైన బండి. చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉందనీ, ఇంజను మాత్రం ఇప్పటికీ స్టార్ట్ అవుతుందనీ యజమాని చెబుతున్నారు. సొంత భూమిలో దారి చదును చేయడానికీ, తుప్పలు తొలగించడానికీ ఏడాదికి కొద్ది రోజులు వాడుకోవాలన్నది నా ఆలోచన. ట్రాక్టరు మరమ్మతు కొంతవరకు తెలుసు గానీ చెయిన్ బండ్లతో పరిచయం లేదు. ఇంజను బాగుంటే మిగిలినవన్నీ నెమ్మదిగా సర్దుకోవచ్చునా? చూడడానికి వెళ్లినప్పుడు ముందుగా దేనిమీద దృష్టి పెట్టాలి?

మొదటి సమాధానం

ముందుగా బండి కింది భాగం చూడండి. చెయిన్లు, రోలర్లు (చెయిన్‌మీద బండి బరువు మోసే చక్రాలు), ఐడ్లర్లు (ముందువైపు చెయిన్ తిరిగే చక్రాలు), స్ప్రాకెట్లు (వెనకవైపు చెయిన్‌ను లాగే పళ్ల చక్రాలు) కలిపి మార్చవలసి వస్తే, ఆ ఖర్చు ఇటువంటి పాత బండి ధరనే మించిపోవచ్చు.

చెయిన్ సాగిందో లేదో కంటితో తేల్చలేము, కొలవాలి. స్ప్రాకెట్ పైభాగంలో పంటికీ చెయిన్‌కూ మధ్య ఒక ఇనుప పిన్ను ఇరికించి బండిని మెల్లగా వెనక్కి నడిపితే చెయిన్ పైవరుస బిగుస్తుంది. అప్పుడు చెయిన్ లింకులను కలిపే ఒక పిన్ను అంచు నుంచి అయిదో పిన్ను అదే అంచు వరకు టేపుతో కొలిచి, నాలుగుతో భాగించి, మాన్యువల్‌లోని కొత్త చెయిన్ కొలతతో పోల్చండి. మాస్టర్ పిన్ను (చెయిన్‌ను విప్పి కలిపేచోట ఉండే పిన్ను) ఈ కొలతలో కలవకూడదు. పిన్నులనూ, వాటిమీద ఉండే గొట్టాల్లాంటి బుష్‌లనూ ఒకసారి సగం చుట్టు తిప్పి బిగించుకుంటే చెయిన్‌కు మరికొంత ఆయుష్షు దొరుకుతుంది గానీ, బుష్‌లు రెండు వైపులా అరిగి కనిపిస్తే ఆ అవకాశాన్ని ఇదివరకే వాడేసుకున్నారని అర్థం.

రెండు చెయిన్లలోనూ లింకులు లెక్కపెట్టి పార్ట్స్ పుస్తకంతో సరిచూడండి. సాగిన చెయిన్‌లో ఒక లింకు తీసేసి బిగువుగా చూపించి అమ్మేవారు లేకపోలేదు. స్ప్రాకెట్ పళ్లు మొనదేలి కొక్కెంలా ఒకవైపు వంగి ఉన్నాయంటే కొత్త చెయిన్ ఒక్కటే వేసి ప్రయోజనం లేదు, స్ప్రాకెట్ కూడా మార్చాలి. రోలర్ల అంచులు తగిలి లింకుల పిన్ను బుడిపెలు మెరుస్తుంటే, లింకుల పైఅంచూ రోలర్లూ బాగా అరిగినట్లే. కొత్త పెయింటు చూసి ముచ్చటపడకండి, పెయింటు కింద చమురు కారిన మరకలు వెతకండి.

రెండో సమాధానం

కింది భాగం గురించి పైన చెప్పినదంతా సరైనదే. అయితే చాలాకాలం కదలకుండా ఉన్న బండిలో నేను ఎక్కువగా భయపడేది స్టీరింగ్ క్లచ్‌లకు, అంటే బండిని తిప్పడానికి ఒక్కో వైపు చెయిన్‌కు శక్తి అందకుండా విడదీసే క్లచ్‌లకు. ఈ డీ4లో అవి పొడి క్లచ్‌లు, తేమ చేరితే ప్లేట్లు తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒక లీవరు లాగి ఆ వైపు బ్రేకు తొక్కినా బండి తిరగకుండా నేరుగా పోతుంటే లేదా ఇంజను ఆగిపోయేలా ఉంటే క్లచ్ విడవడం లేదని తెలుసుకోండి. దీనికి వ్యతిరేకమైన లోపమూ ఉంటుంది. ఖాళీ నేలమీద చక్కగా నడిచిన బండి, బ్లేడుకు మట్టి తగలగానే ఒక పక్కకు లాగుతుంటే, వెనకబడిన వైపు క్లచ్ జారుతోందని అనుమానించాలి. అందువల్ల రెండు మూడు మీటర్లు కదిలించి చూపిస్తే సరిపోదు. మట్టిని నిజంగా నెట్టించి, రెండు వైపులకూ తిప్పించి చూడండి.

క్లచ్ గదుల అడుగున డ్రెయిన్ ప్లగ్గులు ఉంటాయి. యజమాని ఒప్పుకుంటే వాటిని విప్పించండి. ఆ గదుల్లోంచి గేర్ ఆయిల్ వస్తే సీళ్లు పోయినట్టు, నీళ్లు వస్తే తుప్పు మొదలైనట్టు. ఫైనల్ డ్రైవ్ (స్ప్రాకెట్‌ను తిప్పే చివరి గేర్లు) ఆయిల్ కొద్దిగా తీసి వేళ్లమధ్య రుద్ది చూడండి. సన్నని లోహపు పొడి కొంత ఉండడం వింత కాదు, గరుకుగా తగిలే ముక్కలు ఉంటే మాత్రం లోపల గేరో బేరింగో విరుగుతోంది. ఇంజనును గేర్లతో కలిపే మాస్టర్ క్లచ్ లీవరును క్లచ్ పట్టే వైపు కదిపినప్పుడు గట్టిగా ప్రతిఘటించి ఒక్కసారిగా పడాలి. మెత్తగా పోతే అడ్జస్ట్‌మెంట్ అయినా కావాలి, ప్లేట్లు అయినా అయిపోయి ఉండాలి. పాత క్లచ్, బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ దుమ్మును గాలి కొట్టి శుభ్రం చేయవద్దు.

మూడో సమాధానం

కింది భాగం విషయంలో నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం. రోజంతా పనిచేసే బండికి సగం అరిగిన చెయిన్ నష్టమే గానీ, ఏడాదికి కొద్ది రోజులు నడిచే బండికి అదే చెయిన్ చాలా ఏళ్లు వస్తుంది. చెయిన్ స్ప్రాకెట్ పళ్లమీదికి ఎక్కి దూకకుండా, పక్కకు జారిపోకుండా ఉంటే, ఆ అరుగుదలను బేరంలో వాడుకుని కొనవచ్చు. నా లెక్కలో స్టీరింగ్ తర్వాతి స్థానం పోనీ మోటారుది.

ఈ బండిలో డీజిల్ ఇంజనును స్టార్ట్ చేయడానికి రెండు సిలిండర్ల చిన్న పెట్రోల్ ఇంజను ఉంటుంది, దాన్నే పోనీ అంటారు. రెండింటినీ చల్లబరిచే నీళ్లు ఒకటే. పెద్ద ఇంజను మంచి స్థితిలో ఉన్నా, పోనీ పాడైతే అది మొదలే కాదు. మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పండి, చేయి పెట్టి చూసిన తరువాతే స్టార్ట్ చేయించండి. పోనీ తిరిగాక డీకంప్రెషన్ లీవరు (పెద్ద ఇంజను సులువుగా తిరగడానికి కంప్రెషన్‌ను వదిలించేది) స్టార్ట్ స్థానంలో ఉంచి పెద్ద ఇంజనును కాసేపు తిప్పి, ఆయిల్ ప్రెషర్ కనిపించాక కంప్రెషన్ ఇచ్చి, ఆపై డీజిల్ వదలాలి. యజమాని ఈ క్రమాన్ని ఓపికగా పాటిస్తే బండిని ఎలా చూసుకున్నాడో కొంత తెలిసిపోతుంది. చాలాకాలం ఆగిన బండిలో ఇంజెక్షన్ పంపు ర్యాక్ (డీజిల్ మోతాదును మార్చే కడ్డీ) బిగుసుకుపోవడం మామూలే, దాన్ని బలవంతంగా కదిలించనివ్వకండి. ఇంజను వేడెక్కిన తరువాత బ్రీదర్ (ఇంజను లోపలి గాలి బయటికి పోయే దారి) నుంచి పొగ ఎంత వస్తోందో, రేడియేటర్‌లో నూనె తెట్టు ఉందో, డిప్‌స్టిక్‌మీద ఆయిల్ పాలరంగులో ఉందో గమనించండి.

ప్రశ్న అడిగినవారు

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఒక వైపు ఐడ్లర్ బాగా ముందుకు జరిగి ఉంది. కొన్న తరువాత దాన్ని నేనే విప్పి చూడవచ్చునా?

రెండో సమాధానం ఇచ్చినవారు

ఐడ్లర్ అంత ముందుకు వచ్చిందంటే ఆ వైపు చెయిన్ సాగి ఉంటుంది, కొలిచి బేరంలో పెట్టండి. ఐడ్లర్ వెనక ఉండే రీకాయిల్ స్ప్రింగు విపరీతమైన ఒత్తిడితో బిగించి ఉంటుంది కనుక, సరైన ప్రెస్సూ అనుభవమున్న మనిషీ లేకుండా దాని బోల్టు వదులు చేయవద్దు, గ్యాస్‌తో కోయవద్దు. అది ఎగిరి తగిలితే ప్రాణం పోతుంది. ఐడ్లరును మాత్రమే బయటికి తీయాలనుకుంటే, చెయిన్ వదులు చేసి విప్పే పద్ధతి మాన్యువల్‌లో వేరుగా ఉంటుంది.